రిలేలు టపటపా పడిపోతుంటే...

ప్రశ్న: ఎనిమిది రిలేల (కరెంటుతో నడిచే స్విచ్‌ల) బోర్డుని ఆర్డునో ఊనో అనే ప్రోగ్రాంతో నడిచే చిన్న కంట్రోలర్‌కి కలిపాను. ఊనోకి 12 వోల్టుల అడాప్టర్ పెట్టి, దాని 5 వోల్టుల పిన్ నుంచే బోర్డుకి సప్లై ఇచ్చాను. నాలుగు రిలేల వరకూ బాగానే ఉంటోంది. అయిదోది ఆన్ చేసిన కాసేపటికి అన్నీ పడిపోతున్నాయి, ఊనో రీసెట్ అవుతోంది. బోర్డు పాడైందా?

జవాబు: బోర్డు మీద అనుమానం పెట్టుకోకండి, సప్లై చాలడం లేదు. ఇలాంటి బోర్డుల మీద ఉండే 5 వోల్టుల రిలే కాయిల్ (స్విచ్‌ని లాగే తీగచుట్ట) సుమారు 70 ఓములు ఉంటుంది, అంటే ఒక్కొక్కటి 71 మిల్లీ ఆంపియర్లు లాగుతుంది. అయిదు కలిస్తే 355, ఎనిమిదీ కలిస్తే 570. ఊనో సొంత వాడకం దీనికి అదనం. 12 వోల్టులను 5కి దించే పని ఊనో మీది చిన్న రెగ్యులేటర్‌దే. అడాప్టర్ సాకెట్ దగ్గరి డయోడ్‌లో పోయింది పోగా, మిగిలిన ఆరు వోల్టుల పైచిలుకునూ అది వేడిగా మార్చాలి. 0.4 ఆంపియర్ల దగ్గరే రెండున్నర వాట్లు! హీట్‌సింక్ లేని ఆ చిప్ కాలిపోకుండా తనంతట తానే ఆగిపోతుంది, చల్లారాక మళ్లీ మొదలవుతుంది. "కాసేపటికి" అని మీరు రాసిన మాటే దీన్ని పట్టించింది.

రిలేలకు విడిగా 5 వోల్టులు, 2 ఆంపియర్ల అడాప్టర్ పెట్టండి. ముందుగా బోర్డు మీది జేడీ-వీసీసీ (రిలేల సప్లై), వీసీసీ (ఇన్‌పుట్ వైపు సప్లై) పిన్లను కలిపే జంపర్ (చిన్న క్లిప్) తీసేయండి. అది ఉండగానే కొత్త సప్లై ఇస్తే రెండు సప్లైలు ఒకదాన్నొకటి తోసుకుంటాయి. తీశాక అడాప్టర్ ప్లస్ జేడీ-వీసీసీకి, మైనస్ దాని పక్కనున్న గ్రౌండ్‌కి. ఊనో నుంచి వీసీసీ, ఇన్‌పుట్ వైర్లు మాత్రం వస్తే చాలు. ఆప్టోకప్లర్ (ఇన్‌పుట్ వైపునీ రిలేల వైపునీ వెలుగుతో మాత్రమే కలిపే చిప్) ఉన్న బోర్డుకి ఊనో గ్రౌండ్ అక్కర్లేదు.

ఇప్పుడు ఎనిమిదీ ఆన్ చేసి, బోర్డు పిన్ల దగ్గరే మల్టీమీటర్ పెట్టండి. రిలే కాంటాక్టులకు మెయిన్స్ కలిపి ఉంటే ముందు దాన్ని పూర్తిగా తీసేయాలి, ఈ విషయంలో తొందర వద్దు. 4.75 వోల్టులు దాటితే నిశ్చింత. అడాప్టర్ దగ్గర 5 ఉండి బోర్డు దగ్గర 4.3 వస్తే తప్పు వైరుది. బ్రెడ్‌బోర్డు జంపర్ వైర్లు ఇంత కరెంటుకి పనికిరావు, 0.5 చదరపు మిల్లీమీటర్ల వైరు పొట్టిగా వాడండి. జేడీ-వీసీసీ, గ్రౌండ్ మధ్య 470 మైక్రోఫారాడ్ల కెపాసిటర్ పెడితే రిలేలు ఒకేసారి ఆన్ అయినా వోల్టేజ్ కుంగదు.

అప్పటికీ ఒకే రిలే మొరాయిస్తుంటే సప్లై తీసి దాని కాయిల్ కొలవండి. పక్కనే డయోడ్ ఉంటుంది కాబట్టి ప్రోబ్‌లు తిప్పి రెండుసార్లు చూసి, ఎక్కువ వచ్చిన అంకెనే తీసుకోవాలి. 70కి బాగా తక్కువ వస్తే కాయిల్ షార్ట్, ఏమీ చూపకపోతే తెగినట్టు.

ప్రశ్న: నా కంట్రోలర్ 3.3 వోల్టులది, రిలే బోర్డు 5 వోల్టులది. రిలే ఆన్ అయ్యాక ఆఫ్ కావడం లేదు. ఎందుకని?

జవాబు: ఈ బోర్డుల్లో ఇన్‌పుట్ సున్నాకి దిగితే రిలే ఆన్, వీసీసీ దాకా పెరిగితే ఆఫ్. మీ పిన్ 3.3కి వెళ్లినా వీసీసీ 5లో ఉంది కదా, ఇంకా 1.7 వోల్టుల తేడా మిగులుతోంది. కొన్ని బోర్డుల్లో ఆప్టోకప్లర్ వెలగడానికి అదే చాలు. మధ్యలో బీసీ547 ట్రాన్సిస్టర్ పెట్టండి: కలెక్టర్ ఇన్‌పుట్‌కి, ఎమిటర్ గ్రౌండ్‌కి, బేస్ 4.7 కిలో ఓముల ద్వారా కంట్రోలర్ పిన్‌కి. ఇక్కడ మాత్రం వీసీసీ ఇచ్చే సప్లై గ్రౌండ్, కంట్రోలర్ గ్రౌండ్ కలవాలి. ప్రోగ్రాంలో లాజిక్ కూడా తిరగేయండి, ఇకపై పిన్ హై అయితేనే రిలే ఆన్ అవుతుంది.