ఏడో తరగతి పిల్లాడికి ఇంగ్లిష్‌లో పోలికలు, జాతీయాలు ఎక్కాలంటే ఏం చేయాలి?

మీ అబ్బాయి ఈ మధ్యే తెలుగు మీడియం నుంచి మారాడనీ, సిమిలీ (లైక్, యాజ్ లాంటి మాటతో చెప్పే పోలిక), మెటఫర్ (ఆ మాట లేకుండా ఒకదాన్ని ఇంకొకటిగానే చెప్పడం) నిర్వచనాలు గడగడా అప్పజెప్తాడు కానీ పాఠంలో ‘హిజ్ హార్ట్ శాంక్’ అని వస్తే ‘గుండె మునిగింది’ అని రాస్తున్నాడనీ అడిగారు. నిర్వచనాలు కొన్నాళ్ళు పక్కన పెట్టించండి. చాలామంది పిల్లలకి ఇబ్బంది అలంకారం దగ్గర కాదు, మామూలు మాట దగ్గరే వస్తుంది.

‘ద బస్ క్రాల్డ్ త్రూ అమీర్‌పేట్’ అన్న వాక్యం తీసుకోండి. క్రాల్ అంటే చంటిపిల్లలు పాకడం అని తెలిసిన పిల్లాడికి సాయంత్రం ఆరింటికి అక్కడ బస్సు ఎలా కదులుతుందో ఎవరూ చెప్పక్కర్లేదు. ఆ మాట తెలియకపోతే మాత్రం మెటఫర్ అంటే ఏంటో పదిసార్లు చెప్పినా దండగే. అందుకని ఇలాంటి వాక్యం వచ్చినప్పుడల్లా మూడు ప్రశ్నలు ఇదే వరుసలో అడగండి. ఈ మాటకి మామూలు అర్థం ఏంటి? ఇక్కడ అది నిజంగా జరిగే పనేనా? కాకపోతే రెండింటికీ కలిసిన గుణం ఏది? మూడోదానికి జవాబు ఒక్క ముక్కలో రావాలి: నెమ్మది. ‘శాంక్’ కూడా అంతే. నీళ్ళలో అడుక్కి దిగడం, గుండె అలా దిగదు, దిగింది ధైర్యం. ‘కుంగిపోయాడు’ అని మనం అనేదీ ఇదే.

సిమిలీ గుర్తించమంటే లైక్, యాజ్ కనిపించిన ప్రతిచోటా టిక్కు పెట్టడం పరీక్షల్లో మామూలుగా జరిగే పొరపాటు. ‘ఐ లైక్ మ్యాంగోస్’లో లైక్ క్రియ. ‘యాజ్ సూన్ యాజ్’ సమయం చెప్తుంది. ‘హీ ఈజ్ యాజ్ టాల్ యాజ్ హిజ్ బ్రదర్’ ఉత్త కొలత. ‘షీ లుక్స్ లైక్ హర్ మదర్’ నిజమైన పోలికే గానీ అలంకారం కాదు. వేర్వేరు జాతుల వస్తువులు రెండు పక్కపక్కన నిలబడితేనే సిమిలీ. దీనికి తెలుగు క్లాసులో చెప్పే ఉపమాలంకారం బ్రహ్మాండంగా పనికొస్తుంది, ఎందుకో ఇంగ్లిష్ క్లాసులో దాన్ని ఎవరూ ముట్టుకోరు. ఉపమేయం (దేన్ని పోలుస్తున్నామో అది), ఉపమానం (దేనితో పోలుస్తున్నామో అది), సమాన ధర్మం (రెండింటికీ కలిసిన గుణం), ఉపమావాచకం (లైక్, యాజ్ లాంటి పోలిక మాట) నాలుగూ వెతికించండి. ‘యాజ్ బ్రేవ్ యాజ్ ఎ లయన్’లో సమాన ధర్మం వాక్యంలోనే ఉంది. ‘హీ ఫాట్ లైక్ ఎ లయన్’లో అది లేదు, పిల్లాడే పూరించుకోవాలి. కాబట్టి ముందు యాజ్–యాజ్ వాక్యాలు, తర్వాత లైక్ వాక్యాలు, మెటఫర్ ఆఖర్న.

మాటలన్నీ తెలిసినా బోల్తా కొట్టే చోట్లు కొన్ని ఉన్నాయి. మన ఎండలకి చల్లదనం హాయి, ‘చల్లని మనసు’ మెచ్చుకోలు. ఇంగ్లిష్‌లో ‘కోల్డ్ హార్ట్’ అంటే దయలేనితనం, ఆప్యాయంగా ఉండేది ‘వార్మ్’. గుడ్లగూబ మనకి అపశకునం, అక్కడ తెలివికి గుర్తు. ఇలాంటివి ముందే చెప్పేయాలి, ఊహించమంటే తప్పే వస్తుంది.

జాతీయాలకి మూడు ప్రశ్నలు పనిచేయవు. ‘స్పిల్ ద బీన్స్’ (రహస్యం బయటపెట్టేయడం)ని విడగొడితే ఒలికిన చిక్కుడు గింజలే మిగులుతాయి. ‘వాడి నోట్లో నువ్వుగింజ నానదు’ పక్కన రాసి, వాక్యంతో సహా మొత్తంగా నేర్పించండి. వారానికి రెండు మూడు చాలు.

ఇక మాటలు. 1953లో ఇంగ్లిష్ బోధనా నిపుణుడు మైఖేల్ వెస్ట్ ఇంగ్లిష్‌లో బాగా వాడుకలో ఉన్న సుమారు 2000 మాటల జాబితా అచ్చువేశాడు. ఆయన అంతకుముందు, దేశ విభజన జరగకముందు, ఢాకాలో పనిచేసి, మన దేశపు పిల్లలు ఇంగ్లిష్ చదవలేక పడే అవస్థ చూసినవాడే. ఆ స్థాయి మాటలు గట్టిపడకుండా కొత్త పెద్ద మాటల వెంట పడొద్దు. డిక్షనరీ కొనేటప్పుడు మాటకి ఒక తెలుగు మాట ఇచ్చే పాకెట్ సైజుది వద్దు: ‘రన్’ అంటే పరుగు అని ఒకటే ఇస్తే, ముక్కు కారడం, కొట్టు నడపడం, రోడ్డు సాగడం ఎక్కడికి పోతాయి? లర్నర్స్ డిక్షనరీ, అంటే ఇంగ్లిష్ నేర్చుకునేవాళ్ళ కోసం రాసినది, కావాలి. లాంగ్‌మన్ వాళ్ళది 1978 నుంచీ సుమారు 2000 తేలిక మాటలతోనే అర్థాలు రాస్తోంది. కోఠీలోనో, ఆదివారం ఆబిడ్స్ ఫుట్‌పాత్ మీదో పాత ప్రతి దొరికినా సరిపోతుంది, ఈ మాటలు ఏటేటా మారేవి కావు.

రోజుకి ఐదు మాటలు మించొద్దు. నోట్‌బుక్ పేజీని నిలువునా మడిచి ఒక వైపు మాట, రెండో వైపు అర్థం, పాఠంలోని వాక్యం రాయించండి. మర్నాడు, మూడో రోజు, వారానికి ఒకసారి అర్థం వైపు మూసి చెప్పించాలి. రెండు వైపులూ చూస్తూ చదివితే వచ్చేసినట్టు అనిపిస్తుందే తప్ప రాదు. తప్పిన మాట మర్నాటి ఐదింటిలో మళ్ళీ చేరుతుంది. చదవడానికి కథల పుస్తకం ఎంచేటప్పుడు ఏదో ఒక పేజీలో వంద మాటలు లెక్కపెట్టి చూడండి. తెలియనివి ఐదు దాటితే ఇప్పటికి ఇంకా తేలిక పుస్తకం తీసుకోండి.