పందెంలో తరుగు ఎంతో తెలుసుకోకుండా పౌండు తీయకండి

నర్సంపేట నుంచి చదువు కోసం ఇంగ్లండ్‌లోని లెస్టర్ చేరిన ఒక తమ్ముడు అడిగిన ప్రశ్న ఇది. శనివారం వస్తే గదిలో నలుగురూ ఫుట్‌బాల్ మీద పందేలు కడుతున్నారని, ఆడ్స్ అంటూ వాళ్లు చెప్పే లెక్కలు తనకు అర్థం కావడం లేదని, నేర్చుకోవాలంటే ఎక్కడ మొదలుపెట్టాలో చెప్పమని రాశారు. తమ్ముడూ, 2010 సెప్టెంబరులో నేను హన్మకొండ నుంచి ఇదే ఊరికి వచ్చినప్పుడు నాకు ఈ సంగతి చెప్పేవారు ఎవరూ లేరు. తెచ్చిన అప్పు తీర్చి, ఇక్కడే ఇల్లు కొనుక్కుని, పిల్లలను పెంచుకుంటున్న మనిషిగా చెబుతున్నాను కనుక కాస్త ఓపికగా చదవండి.

నిబంధనలు ముందు చెప్పేస్తాను. బ్రిటన్‌లో పద్దెనిమిదేళ్లు నిండినవారు పందెం కట్టవచ్చు. జూదాన్ని నియంత్రించడానికి 2005 నాటి చట్టం కింద ఏర్పడిన గ్యాంబ్లింగ్ కమిషన్ లైసెన్సు ఉన్న సంస్థలే పందేలు తీసుకోవాలి. 2020 ఏప్రిల్ 14 నుంచి క్రెడిట్ కార్డుతో పందెం కట్టడం కుదరదు. గెలిచిన డబ్బు మీద పందెం కట్టినవారు పన్ను కట్టనక్కరలేదు. మిగిలినవి కమిషన్ వెబ్‌సైటులో ఉన్నాయి, చదువుకున్నవారు కనుక మీరే చూసుకోగలరు.

ఇక ఆడ్స్ సంగతి, అంటే గెలిస్తే ఎంత ఇస్తారో చెప్పే అంకెలు. 5/2 అని రాసి ఉంటే, రెండు పౌండ్లు కట్టి గెలిచినవారికి ఐదు పౌండ్ల లాభంతో పాటు కట్టిన రెండూ తిరిగి వస్తాయి, అంటే మొత్తం ఏడు చేతికి వస్తాయి. ఇదే ఆడ్స్‌ను ఫోన్ యాప్‌లో దశాంశాల్లో 3.50 అని చూపిస్తారు. అందులో మీరు కట్టిన పౌండు కూడా కలిసి ఉంటుంది. కొత్తగా వచ్చినవారు ఇంతవరకు నేర్చుకుని పందెం వచ్చేసిందనుకుంటారు. అసలు నేర్చుకోవలసింది దీని తరువాతి మెట్టు. కుడివైపు అంకెను ఆ రెండు అంకెలూ కూడగా వచ్చిన మొత్తంతో భాగించి చూడండి. 5/2 అయితే రెండును ఏడుతో భాగించాలి, అప్పుడు నూటికి 28.6 వస్తుంది. ఆ ఫలితం రావడానికి నూటికి అన్ని పాళ్లు అవకాశం ఉందన్నట్టు బుక్‌మేకర్ వెల కట్టాడన్నమాట.

ఇప్పుడు ఒక ఫుట్‌బాల్ మ్యాచ్‌కు సొంతగడ్డ జట్టు గెలుపు 6/5, డ్రా 12/5, వచ్చిన జట్టు గెలుపు 9/4 అని ఉందనుకోండి. మూడింటినీ పైన చెప్పినట్టు శాతాలుగా మార్చి కూడితే 105.6 వస్తుంది. జరగగలిగినవి మూడే కనుక మొత్తం నూరు రావాలి. ఆ పైన ఉన్న ఐదున్నర ఎక్కడిది? మన వరంగల్ ఏనుమాముల మార్కెట్‌కు మీరు ఎప్పుడైనా నాన్నగారితో పత్తి తీసుకుని వెళ్లి ఉంటే ఈ ప్రశ్నకు జవాబు మీకు ముందే తెలుసు. కాంటా మీద బస్తా పెట్టగానే తేమ పేరిట, మట్టి పేరిట తరుగు తీస్తారు. పత్తి ఎవరిదైనా, ధర ఎంత పలికినా ఆ తరుగు తప్పదు. ఆ ఐదున్నర కూడా బుక్‌మేకర్ తీసుకునే అలాంటి తరుగే. ఇద్దరు స్నేహితులు ఒకే ఆట మీద చెరొక వైపు 10/11 దగ్గర పదకొండేసి పౌండ్లు కడితే, లోపలికి వెళ్లేది ఇరవై రెండు, గెలిచినవాడికి తిరిగి వచ్చేది ఇరవై ఒకటి. ఎవరు గెలిచినా ఒక పౌండు బల్ల అవతలే ఉండిపోతుంది. ఆ ఒక్క పౌండును పూడ్చుకోవాలంటేనే మీ అంచనా నూటికి యాభై రెండు సార్లకు మించి నిజం కావాలి.

ఈ లెక్క నాకు 2011 వేసవిలో తెలియదు. ఆ ఏప్రిల్‌లో మనవాళ్లు క్రికెట్ ప్రపంచ కప్పు గెలిచారు, టెస్టుల్లో కూడా మొదటి ర్యాంకులో ఉన్నారు, జులైలో నాలుగు టెస్టుల కోసం ఇంగ్లండ్ వచ్చారు. మా వీధి చివర ఉన్న పందేల దుకాణంలో గోడ పక్కన సన్నటి బల్ల, దాని మీద చీటీల కట్ట, చిటికెన వేలంత పొట్టి నీలం పెన్నులు ఉండేవి. లార్డ్స్ టెస్టుకు ముందు రోజు ఆ పెన్నుతో ఇండియా గెలుపు అని రాసి ఇరవై పౌండ్లు కట్టాను. 196 పరుగుల తేడాతో ఓడిపోయాం. రెట్టింపు కడితే పోయినది కూడా కలిసి వస్తుందని గదిలో ఒకరు చెప్పగా, నాటింగ్‌హామ్ టెస్టు మీద నలభై కట్టాను. 319 పరుగులతో ఓడిపోయాం. గాయం నుంచి కోలుకున్న సెహ్వాగ్ బర్మింగ్‌హామ్‌లో ఆడుతున్నాడని తెలియగానే ఇక ఆట తిరుగుతుందని గట్టిగా నమ్మి ఎనభై కట్టాను. ఆయన రెండు ఇన్నింగ్స్‌లోనూ మొదటి బంతికే ఔటయ్యాడు, ఇంగ్లండ్ బ్యాటర్ కుక్ ఒక్కడే 294 పరుగులు చేశాడు. ఓవల్ మీద నూట అరవై కట్టాను. అక్కడ కూడా ఇన్నింగ్స్ తేడాతో ఓడి, నాలుగుకు నాలుగూ పోగొట్టుకున్నాం.

మొత్తం మూడు వందల పౌండ్లు. అప్పుడు నేను ఒక గోదాములో వారానికి ఇరవై గంటలు పెట్టెలు మోసేవాణ్ణి, గంటకు 5.93 పౌండ్లు ఇచ్చేవారు. అంటే యాభై గంటల కష్టం చీటీల రూపంలో చొక్కా జేబులో మిగిలింది. అసలు బాధ అది కాదు. నా చదువు కోసం మా నాన్న రెండు రూపాయల వడ్డీకి ఏడు లక్షలు తెచ్చారు. వడ్డీయే నెలకు పద్నాలుగు వేలు. నేను పోగొట్టుకున్నది అప్పటి మారకంలో దాదాపు ఇరవై రెండు వేలు, అంటే నెలన్నర వడ్డీ. ఆ నెల డబ్బు పంపలేక, జీతం ఆలస్యమైందని ఇంటికి అబద్ధం చెప్పాను. ఆ చలికాలం నాన్న పత్తి క్వింటా నాలుగు వేల చొప్పున అమ్మానని ఫోన్‌లో చెప్పినప్పుడు, నేను పోగొట్టినది ఎన్ని క్వింటాళ్లో మనసులో లెక్క వేసుకున్నాను: ఐదున్నర. అమ్మ, చెల్లె ఎండలో నడుం వంచి ఏరిన పత్తి అది.

నేను చేసిన తప్పులు మూడు. మన జట్టు మీద ప్రేమను అంచనా అనుకున్నాను. టెస్టులో డ్రా కూడా ఒక ఫలితమేనని, వాన పడి ఆట ఆగినా నా పందెం పోతుందని ఆలోచించలేదు. అన్నిటికన్నా పెద్దది, పోయినదాని వెంట పరుగెత్తడం. రెట్టింపు చేసుకుంటూ పోయేవాడి సంచి నాలుగైదు ఓటములకే ఖాళీ అవుతుంది, దుకాణం సంచి కాదు.

మీ గదిలోని పిల్లలు కడుతున్నవి అక్యుములేటర్లు అయి ఉంటాయి, శనివారం ఎక్కువగా అమ్ముడయ్యేవి అవే. అన్నీ నిజమైతేనే డబ్బు వచ్చేలా నాలుగు మ్యాచ్‌లు కలిపి కడితే పది పౌండ్లకు నూట ముప్పై వస్తాయని మురిసిపోతారు. సగం సగం అవకాశం ఉన్న నాలుగింటికి నిజంగా రావలసింది నూట అరవై. ఒక్కొక్క దాని దగ్గర 10/11 ఇస్తే చేతికి వచ్చేది రమారమి నూట ముప్పై మూడే. తరుగు ఒక్కసారి కాదు, నాలుగుసార్లు తీశారు. అలాగే కొత్త ఖాతాకు ఇచ్చే ఫ్రీ బెట్‌లో, అంటే సంస్థ ఉచితంగా ఇచ్చే పందెంలో, కట్టిన మొత్తం సాధారణంగా తిరిగి రాదు. పది పౌండ్ల ఫ్రీ బెట్ 2/1 దగ్గర గెలిస్తే వచ్చేది ఇరవై మాత్రమే, ముప్పై కాదు. షరతులు చివరి వరకు చదవండి.

ఊరి నుంచి ఎవరో వాట్సాప్‌లో పందేలు కట్టే ఐడీ ఇస్తామంటే అటు తొంగి కూడా చూడకండి. తెలంగాణలో ఆన్‌లైన్ పందేలను 2017లోనే నిషేధించారు, 2025లో దేశం మొత్తానికి కేంద్రం చట్టం చేసింది. అక్కడ బాకీ పడితే వసూలుకు వచ్చేవాడు మీ దగ్గరకు రాడు, మీ ఇంటి గడప దగ్గర నిలబడతాడు.

నేను పూర్తిగా మానలేదు. ఏడాదికి ఒక్కసారి, ఏప్రిల్‌లో గ్రాండ్ నేషనల్ గుర్రప్పందెం నాడు ఐదు పౌండ్లు కడతాను. సినిమా టికెట్ కొన్నట్టు ఆ డబ్బు అక్కడితో ఖర్చయిందనే అనుకుంటాను. ఆ రోజు దుకాణంలో ఈచ్ వే కడతారా అని అడుగుతారు, అది గుర్రం గెలుస్తుందని ఒకటి, ముందు వరుస స్థానాల్లో వస్తుందని ఒకటి, రెండు పందేలు, ఐదు అంటే పది తీసుకుంటారని గుర్తుంచుకోండి. మీరూ కట్టాలనే అనుకుంటే, ఖాతా తెరిచిన రోజే, మొదటి పందానికి ముందే డిపాజిట్ పరిమితి పెట్టుకోండి. తగ్గిస్తే వెంటనే అమలవుతుంది, పెంచాలంటే కనీసం ఒక రోజు ఆగాలి, ఆ ఒక్క రోజు చాలామందిని కాపాడుతుంది. గదిలో ఎవరికైనా చేయి దాటిపోయిందనిపిస్తే తమను తామే పందేలకు దూరంగా ఉంచుకునే గ్యామ్‌స్టాప్ అనే పథకంలో పేరు నమోదు చేయించండి. ఆరు నెలలు, ఏడాది, ఐదేళ్లలో ఏది ఎంచుకుంటే అంతకాలం లైసెన్సు ఉన్న ఆన్‌లైన్ సంస్థలేవీ వాళ్లను రానివ్వవు. వీధి దుకాణాలకు అది వర్తించదు. జూదం సమస్యలకు సాయం చేసే హెల్ప్‌లైన్ 0808 8020 133 నంబరుకు రాత్రీ పగలూ ఉచితంగా మాట్లాడవచ్చు.

ఈ వారాంతం పందెం జోలికి పోకండి. మీ నాన్నగారు ఎంత తెచ్చారో, వడ్డీ ఎన్ని రూపాయలో, నెలకు ఇంటికి ఎన్ని పౌండ్లు పంపాలో, అద్దె, బస్సు, సరుకులు పోను ఏం మిగులుతుందో ఒక కాగితం మీద రాసి పంపండి. అది చూశాక పందానికి నెలకు ఎంత పెట్టవచ్చో ఇద్దరం కలిసి లెక్క వేద్దాం.