బడి తోటతో సైన్సు వస్తుందా, పిల్లలు కూరగాయలు తింటారా: ఏడేళ్ల నా అనుభవం

మూడో తరగతికి చెబుతున్నానని, బడి వెనక కాస్త ఖాళీ స్థలం దొరికిందని రాశారు. అక్కడ తోట వేస్తే సైన్సు పాఠాలకు నిజంగా పనికొస్తుందా, లేక క్లాసు టైం పోవడమేనా అన్నది మీ మొదటి ప్రశ్న. కూరగాయ కనిపిస్తే మొహం తిప్పుకునే పిల్లలు తోట వల్ల మారతారా అన్నది రెండోది. నేను ప్రాథమిక తరగతులకే చెబుతాను. గత ఏడేళ్లుగా తోటతోనే చెబుతున్నాను. రెండింటికీ నా జవాబు అవుననే. అయితే ఒక్కోదానికి ఒక్కో షరతు ఉంది. సైన్సు రావాలంటే పిల్లల చేతిలో బొరిగెతో పాటు నోటుబుక్కు కూడా ఉండాలి. తిండి అలవాటు మారాలంటే, తినమని మీరు ఒక్కసారి కూడా బలవంతం చేయకూడదు.

ఈ షరతులు నాకు మొదట్లో తెలియవు. మొదటి ఏడాది ఉత్సాహం కొద్దీ పన్నెండు రకాలు వేశాను. ఎక్కడ ఏం వేయాలో నేనే చెప్పాను, దారం కట్టి గీతలు నేనే గీశాను. పిల్లలు నీళ్లు మోశారు, కలుపు తీశారు. తోట బ్రహ్మాండంగా వచ్చింది, చూసినవాళ్లంతా మెచ్చుకున్నారు. ఆఖర్న పిల్లల్ని ఒక ప్రశ్న అడిగాను: "మొక్క ఇంత పెద్దదైంది కదా, ఆ బరువంతా ఎక్కడి నుంచి వచ్చింది?" దాదాపు అందరూ "మట్టి నుంచి" అని రాశారు. నాలుగు నెలలు మట్టిలో చేతులు పెట్టిన పిల్లలు వాళ్లు. ఆ కాగితాలు దిద్దుతుంటే నాకు చాలా బాధేసింది. పిల్లలు పనిచేశారు తప్ప, వాళ్లు ఆలోచించాల్సిన అవసరం నేను ఎక్కడా రానివ్వలేదు.

మరుసటి ఏడాది రెండే మడులు వేశాం. ప్రతి పనికీ ముందు ఒక ప్రశ్న, దానికి ప్రతి పిల్లవాడూ తన ఊహ రాసుకోవడం, ఆ తర్వాతే చెయ్యి మట్టిలో పెట్టడం. ఊహ తప్పయినా కొట్టేయకూడదు, దాని కింద జరిగినది రాయాలి. ఈ ఒక్క అలవాటే తోటను సైన్సు క్లాసుగా మార్చిందని నేను గట్టిగా నమ్ముతాను.

మొదలు బీన్స్ గింజతో పెట్టండి. రాత్రంతా నానబెట్టి పొద్దున పైపొర తీస్తే గింజ రెండు బద్దలుగా విడిపోతుంది. మధ్యలో బుల్లి మొక్క, దాని రెండు లేత ఆకులు కంటికే కనిపిస్తాయి. అది చూసినప్పుడు క్లాసులో వచ్చే నిశ్శబ్దం నాకు ఇప్పటికీ ఇష్టం. తర్వాత గాజు గ్లాసు లోపలి అంచుకు తడి కాగితం ఆనించి, దానికీ గాజుకూ మధ్య గింజలు పెట్టండి. వేరు కిందికి దిగాక గ్లాసును పక్కకు పడుకోబెట్టండి. ఒకటి రెండు రోజుల్లో వేరు కొన మళ్లీ నేలవైపు వంగుతుంది. "దానికి కింద ఎటో ఎలా తెలిసింది?" అని వాళ్లే అడుగుతారు. వేరు కొనలోని కణాలకు భూమ్యాకర్షణ తెలుస్తుందని అప్పుడు చెప్పండి, ముందు కాదు.

అవే గింజలతో రెండో ప్రయోగం: కొన్ని కుండీలు కిటికీ దగ్గర, కొన్ని చీకటి అలమారలో. నీళ్లు ఒకటే, మట్టి ఒకటే, వెలుతురు ఒక్కటే మారుతుంది. "ఒక్కసారికి ఒక్కటే మార్చాలి" అన్న సూత్రం మా పిల్లలకు ఇక్కడే అలవాటైంది. వారం తర్వాత చూస్తే చీకట్లో మొక్క ఎండలో దానికంటే పొడుగ్గా ఉంది! "మొక్కలకు చీకటే ఇష్టం" అని ఒక అమ్మాయి రాసింది. అది చాలా మంచి ముగింపు, ఎందుకంటే తను చూసినదాని నుంచే రాసింది. నేను సరిదిద్దలేదు. ఇంకో వారం ఆగుదాం అన్నాను. చీకటి మొక్క పాలిపోయి, కాడ సన్నబడి, వాలిపోయింది. వెలుతురు కోసం సాగుతూ గింజ బద్దల్లో దాచుకున్న ఆహారమంతా ఖర్చు చేసేసిందని, ఆకుపచ్చ రంగు లేక కొత్తది తయారుచేసుకోలేకపోయిందని అప్పుడు మాట్లాడుకున్నాం. ఆ అమ్మాయి తన వాక్యం కింద రెండు లైన్లు కలిపింది. పాఠ్యపుస్తకంలో కిరణజన్య సంయోగక్రియ అన్న మాట రాకముందే ఆ పిల్లకు దాని అవసరం అర్థమైపోయింది.

మొక్క బరువు గురించిన ఆ పాత ప్రశ్నకు ఒక కథ చెబుతాను. 17వ శతాబ్దంలో వాన్ హెల్మాంట్ అనే శాస్త్రవేత్త పెద్ద కుండీలో ఆరబెట్టిన మట్టి సుమారు 90 కిలోలు తూచి పోసి, రెండు కిలోల పైచిలుకు బరువున్న విల్లో మొక్క నాటాడు. ఐదేళ్లు నీళ్లు మాత్రమే పోశాడు. చెట్టు సుమారు 77 కిలోలైంది. మట్టిని మళ్లీ ఆరబెట్టి తూచితే తగ్గింది 60 గ్రాములు కూడా లేదు. కథ ఇక్కడ ఆపి, "మరి బరువు ఎక్కడిది?" అని అడగండి. నీళ్ల నుంచే అని ఆయన అనుకున్నాడు. మీ పిల్లలూ అదే అంటారు. అది సగం నిజమని, గాలిలోని కార్బన్ డయాక్సైడ్ పాత్ర ఆయనకు తెలియదని చెప్పినప్పుడు, అంత పెద్ద శాస్త్రవేత్త జవాబు కూడా పూర్తి కాలేదని పిల్లలకు తెలుస్తుంది. తమ ఊహ తప్పితే సిగ్గుపడే పిల్లలకు ఇది ఎంత ధైర్యం ఇస్తుందో నేను కళ్లారా చూశాను. ఆ ఏడాది చివర అదే ప్రశ్న మళ్లీ పెట్టాను. సగానికి పైగా పిల్లలు గాలి, నీళ్లు, ఎండ అని రాశారు. మిగతా వాళ్లు ఇంకా మట్టి అనే రాశారు. అది అంత తేలిగ్గా పోయే నమ్మకం కాదు.

మడిలో మొదటి పంటగా ముల్లంగి వేయండి. మూడు నుంచి ఐదు రోజుల్లో మొలకొస్తుంది, చిన్న గుండ్రటి రకాలు నాలుగు వారాల్లో చేతికొస్తాయి. ఎనిమిదేళ్ల పిల్లల ఓపికకు అది సరిపోతుంది. ఎన్ని గింజలు వేశారో, ఎన్ని మొలిచాయో లెక్క రాయిస్తే లెక్కల పీరియడ్ కూడా అక్కడే అయిపోతుంది. ఒత్తుగా మొలిచిన మొక్కల్ని పలచన చేయాలంటే పిల్లలకు మనసొప్పదు, ఒకరిద్దరు ఏడుస్తారు కూడా. అందుకని నేను సగం వరుస పలచన చేయించి, సగం అలాగే వదిలేస్తాను. నెల తర్వాత పీకితే ఒకవైపు గుండ్రటి దుంపలు, ఇంకోవైపు గుబురుగా ఆకులు, వాటి కింద తోకల్లాంటి వేళ్లు. వెలుతురు, నీళ్లు, చోటు కోసం పోటీ అంటే ఏమిటో నేను విడిగా చెప్పాల్సిన పని లేకపోయింది.

స్థలం ఉంటే ఒక మూలన గుమ్మడి పాదు పెట్టండి. మొదట వచ్చే పూలలో ఎక్కువ మగపూలే, అవి రాలిపోతుంటే మొక్కకు జబ్బు చేసిందని పిల్లలు కంగారుపడతారు. ఆడపువ్వు వచ్చిన రోజు దాని కింద బుల్లి గుమ్మడికాయ ఉందని వాళ్లకే కనిపించాలి, మీరు చూపించకండి. తెల్లారితే విచ్చుకోబోయే రెండు ఆడమొగ్గలకు ముందురోజు సాయంత్రం కాగితపు సంచులు తొడగండి. పొద్దున్నే ఒకదానికి మగపువ్వుతో పుప్పొడి అద్ది మళ్లీ కప్పేయండి, రెండోదాన్ని అలాగే ఉంచండి. పువ్వు విచ్చుకునేది పొద్దుటిపూటే, ఆలస్యం చేస్తే ముడుచుకుపోతుంది. రెండోదాని పిందె కొద్ది రోజుల్లో పసుపెక్కి రాలిపోతుంది. మొదటిది మామూలుగా నిలబడుతుంది, అదీ ఒక్కోసారి రాలవచ్చు గనుక వీలైతే రెండు మూడు జతలతో చేయండి. ఈ పాఠం తర్వాత మా తరగతిలో తేనెటీగను తరిమిన పిల్లవాడు లేడు.

పురుగుల విషయం క్లుప్తంగా చెబుతాను. బడి తోటలో పురుగుమందు వద్దు. పేనుబంక పట్టినప్పుడు ఒకసారి నాకూ టెన్షన్ వచ్చింది. కానీ భూతద్దం ఇచ్చి చూడమన్నాను. అక్షింతల పురుగు పిల్ల ఒక్కో పేనును పట్టి తినడం చూసి పిల్లలు అరగంట కదల్లేదు.

ఇక తిండి సంగతి. మీ రెండో ప్రశ్నే నాకు ఎక్కువ ముఖ్యం.

కొత్త రుచిని పిల్లలు ఒప్పుకోవడానికి చాలాసార్లు, ఒక్కోసారి పది పదిహేను సార్ల దాకా, రుచి చూడాల్సి రావచ్చని పిల్లల ఆహారపు అలవాట్ల మీద జరిగిన పరిశోధనలు చెబుతున్నాయి. పెద్దవాళ్లం రెండు మూడు సార్లకే "వీడికి ఇది పడదు" అని తేల్చేస్తాం. తోటలో ఆ పది సార్లు తగవు లేకుండా వస్తాయి. విత్తనం చూస్తారు, ఆకు వాసన చూస్తారు, తుంచుతారు, కడుగుతారు, కోస్తారు. నోటి దాకా వచ్చేసరికి అది వాళ్లకు తెలిసిన వస్తువు.

మా రుచి పీరియడ్‌లో నియమాలు మూడే. గోరంత ముక్క చాలు. నచ్చకపోతే చప్పుడు చేయకుండా కాగితంలో ఉమ్మేయొచ్చు. "బాగుంది", "బాగాలేదు" అన్న మాటలు వాడకూడదు, ఎలా ఉందో చెప్పాలి: కరకరలాడుతోందా, ఘాటా, వగరా, తీపా, చేదా, నీళ్లగా ఉందా. ఈ మూడో నియమం చేసే మేలు చాలా పెద్దది. వర్ణించాలంటే ఇంకోసారి నమలాలి. "ముందు నీళ్లగా ఉంది, తర్వాత ముక్కులోకి ఎక్కింది" అని ఒక అబ్బాయి ముల్లంగి గురించి అన్నాడు. ఎందుకు తర్వాత ఎక్కిందన్నది వెంటనే సైన్సు ప్రశ్న అయింది. కోయని ముల్లంగి వాసన చూశాం, దంచినదాని వాసన చూశాం. కణాలు నలిగినప్పుడే లోపల విడివిడిగా ఉన్న రెండు పదార్థాలు కలిసి ఆ ఘాటు పుడుతుంది. పురుగుల నుంచి కాపాడుకోవడానికి మొక్కకు ఉన్న ఏర్పాటు అది. అది తెలిశాక ముల్లంగిని ఇంకోసారి కొరికి పరీక్షించని పిల్లవాడు లేడు.

తిన్నవాళ్లకు స్టార్లు, బహుమతులు పెట్టకండి. తినని పిల్లల పేర్లు చదవకండి. మంచి తిండి, చెడ్డ తిండి అని బోర్డు మీద రెండు గడులు గీయకండి. పిల్లల ఒళ్లు, బరువు గురించి ఒక్క మాట కూడా రానివ్వకండి. ఇంట్లో ఏం వండాలన్నది పిల్లల చేతిలో లేదు, దానికి వాళ్లు క్లాసులో తలదించుకోకూడదు. నా తరగతిలో ఒకబ్బాయి ఏడాదంతా ఆకుకూర నోట్లో పెట్టలేదు. కోసి, కడిగి, అందరికీ పంచేవాడు. క్యారెట్ మాత్రం తన మడిలోది తానే పీకి తిన్నాడు. ఆ క్యారెట్ చాలనుకున్నాను, ఇప్పటికీ అదే అనుకుంటాను.

పోషకాల పాఠం తూకంతో చెప్పండి. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023 సూచనల ప్రకారం 6 నుంచి 9 ఏళ్ల పిల్లలు రోజుకు కనీసం 350 గ్రాముల కూరగాయలు, పండ్లు తినాలి. పదేళ్లు నిండితే 400. అంటే ఎంతో పిల్లల్నే ముందు ఊహించమని, తర్వాత తోటలో కోసినవి త్రాసులో వేయమనండి. మా వాళ్లు అంత పాలకూర కుప్ప చూసి ఆశ్చర్యపోయారు, అదే బరువు టమాటాలు కొన్నే వచ్చేసరికి కుదుటపడ్డారు. క్యారెట్‌లోని బీటా కెరోటిన్ కాస్త కొవ్వు తోడుంటే బాగా ఒంటబడుతుందని, ఆకుకూరలోని ఇనుముకు నిమ్మరసంలాంటి విటమిన్ సి సాయం చేస్తుందని కూడా ఈ వయసు పిల్లలకు అర్థమవుతుంది.

జాగ్రత్తలు కొన్ని ఉన్నాయి. ఏ పిల్లకు దేనికి అలర్జీ ఉందో రుచి పీరియడ్‌కు ముందే తల్లిదండ్రుల్ని అడిగి రాసుకోండి. బీన్స్ గింజలు, ముఖ్యంగా ఎర్రవి, పచ్చివి తింటే వాంతులవుతాయి, కాబట్టి మొలకల ప్రయోగం గింజలు నోట్లో పెట్టకూడదని మొదటి రోజే చెప్పాలి. టమాటా ఆకులు, ఆకుపచ్చగా మారిన బంగాళదుంపలు కూడా తినేవి కావు. పచ్చి పేడ వద్దు, బాగా మాగిన కంపోస్టే వాడండి. తోట నుంచి వచ్చాక సబ్బుతో చేతులు కడగడంలో రాజీ పడకండి.

టైం గురించి మీ భయం న్యాయమైనదే. ముప్పై మందిని ఒకేసారి బయటికి తీసుకెళ్తే పాఠం జరగదు. నేను ఆరుగురేసి ఐదు జట్లు చేస్తాను. ఒక జట్టు మడి దగ్గర ఉంటే మిగతావాళ్లు ఆ పక్కనే నీడలో కొలతలు గ్రాఫ్ గీయడం, బొమ్మ వేయడం చేస్తారు. వారానికి రెండు పీరియడ్లు చాలు. అవి సైన్సుకు అదనంగా కలిపినవి కావు, సైన్సు పీరియడ్లే. విత్తనం, మొక్క భాగాలు, జీవిత చక్రం, ఆహారపు గొలుసు, నేల: ఈ పాఠాలు ఎలాగూ చెప్పాలి కదా. మడి వెడల్పు ఒక మీటరు లోపు ఉంచండి, లేకపోతే మధ్యలో అందక పిల్లలు మడి తొక్కుతారు. సెలవులకు ముందే కోత అయిపోయేలా తేదీ వెనక్కి లెక్కపెట్టి విత్తండి. ఒక ఏడాది నేను ఆ లెక్క వేయలేదు. సెలవుల తర్వాత ఎండిపోయిన టమాటా మొక్కల ముందు పిల్లలు నిలబడిన తీరు నేను మర్చిపోలేను.

విత్తే ముందు ఒక వారం, పొద్దున, మధ్యాహ్నం, సాయంత్రం ఆ స్థలంలో ఎండ ఎక్కడ పడుతోందో పిల్లల చేతే గుర్తులు పెట్టించండి. కూరగాయలకు రోజుకు కనీసం ఆరు గంటల ఎండ కావాలి. మీకు ఎన్ని గంటలు వచ్చిందో, మట్టి పిడికిట్లో నొక్కితే ముద్ద అవుతుందో, పొడిగా రాలుతుందో ఇక్కడ రాయండి. ముల్లంగి తర్వాత ఏది వేస్తే బాగుంటుందో చూసి చెబుతాను.