కోడు చెరిపే ముందు రాసుకో

చిరంజీవి అమ్మాయికి మామయ్య ఆశీస్సులు.

నువ్వు ఒంగోలులో 2008 నాటి పెట్రోలు కారు కొన్నావనీ, దానికి చెక్ ఇంజన్ లైటు వెలుగుతూ ఉందనీ, చిన్న బ్లూటూత్ స్కానర్ తెప్పించుకుని ఇంజన్ కంప్యూటర్ దాచుకున్న తప్పు తాలూకు కోడు నువ్వే చదివి, నువ్వే చెరిపేసి, వచ్చే ఆదివారం ఆ కారులోనే నెల్లూరు వస్తానంటున్నావనీ మీ అమ్మ ఫోను చేసి చెప్పింది. మన ఇంటి ఆడపిల్ల బానెట్ ఎత్తి లోపల ఏముందో తానే చూసుకుంటానన్నందుకు నాకు కలిగిన సంతోషం ఇంతా అంతా కాదు. నా షెడ్డుకు పని నేర్చుకోవడానికి వచ్చిన కుర్రాళ్ళలో చాలామందికి లేని ఆసక్తి అది. చదువుతానన్నంతవరకు నాకు దిగులు లేదు. చదివీ చదవగానే చెరిపేస్తానన్న దగ్గరే ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. ఫోనులో చెబితే సగమే వింటావని తీరిగ్గా కూర్చుని రాస్తున్నాను.

ముందు స్కానర్ తగిలించే సాకెట్టు సంగతి. అమెరికాలో 1996 మోడల్ నుంచి అన్ని కార్లకూ ఒకే తీరు సాకెట్టు, ఒకే తీరు కోడ్లు వచ్చాయి. మన దేశంలో ఇంజన్ తన తప్పులను తానే కనిపెట్టి చెప్పే ఈ ఓబీడీ పద్ధతి, భారత్ స్టేజ్ 4 పొగ నిబంధనల కిందికి వచ్చే కార్లకు 2010 ఏప్రిల్ నుంచి, దాని రెండో దశ 2013 ఏప్రిల్ నుంచి తప్పనిసరి అయ్యాయి. నీ కారు అంతకుముందుది కాబట్టి, స్టీరింగు కింద 16 పిన్నుల సాకెట్టు కనిపించినంత మాత్రాన బజారులో దొరికే ప్రతి స్కానర్‌కూ అది బదులిస్తుందన్న భరోసా లేదు. ఆ కాలపు కార్లలో కొన్ని కంపెనీ వాళ్ళ సొంత స్కానర్‌తో మాత్రమే మాట్లాడతాయి. కనెక్ట్ కాకపోతే ఇంజన్ కంప్యూటర్ పోయిందని కంగారు పడకు. స్కానర్ మీది లైటే వెలగకపోతే ముందు ఫ్యూజు చూడు, ఆ తర్వాత మల్టీమీటరుతో 16వ పిన్నుకూ 4వ పిన్నుకూ మధ్య బ్యాటరీ వోల్టేజి వస్తోందో లేదో చూడు. ఆ రెండింటినీ పొరపాటున కలిపావంటే ఫ్యూజు పోతుంది, జాగ్రత్త.

సాకెట్టు బదులివ్వకపోతే వైరుముక్క పెట్టి చదవవచ్చని ఎవరైనా చెబుతారేమో, ఆ పని మాత్రం చేయకు. పాత సుజుకీ ఇంజన్లకు మేము అలాగే చదివేవాళ్ళం; డయాగ్నసిస్ కనెక్టరులో రెండు టెర్మినళ్ళు కలిపి, డాష్‌బోర్డు మీద లైటు ఎన్నిసార్లు మిణుకుమంటుందో లెక్కపెట్టుకునేవాళ్ళం. ఒకసారి వెలిగి, కాస్త ఆగి, రెండుసార్లు వెలిగితే 12, అంటే కంప్యూటర్ దృష్టిలో తప్పేమీ లేదని. ఎండలో ఆ లైటు సరిగ్గా కనిపించక, ఒకరు కొంగు అడ్డం పెడితే ఇంకొకరు లెక్కపెట్టిన రోజులు ఉన్నాయి. ఆ కొంగు పట్టింది మీ అత్తయ్యే. కానీ ఏ టెర్మినల్ ఏదో మాన్యువల్ చూసి తెలుసుకోకుండా కలిపితే కంప్యూటరే కాలిపోవచ్చు.

చదవడం తేలిక. ఇగ్నిషన్ ఆన్ చేసి, ఇంజన్ స్టార్ట్ చేయకుండా చదువు. వచ్చిన ప్రతి కోడునూ కాగితం మీద రాసుకో, ఫోటో తీసుకో. దానితోపాటు ఫ్రీజ్ ఫ్రేమ్ అని కనిపిస్తే అది మరీ ముఖ్యం. తప్పు జరిగిన క్షణాన ఇంజన్ ఎంత వేడిగా ఉందో, ఎన్ని ఆర్పీఎంల మీద తిరుగుతోందో, కారు ఎంత వేగంతో పోతోందో అందులో ఉంటుంది. చెరిపే బటను నొక్కితే కోడుతోపాటు అదీ పోతుంది, మళ్ళీ తెచ్చుకోలేవు.

ఇప్పుడు అసలు విషయం. కోడు ఏ సర్క్యూటులో తేడా కనిపించిందో చెబుతుంది గాని, ఏ భాగం మార్చాలో చెప్పదు. కేకలు పెట్టినవాడే దొంగ కాదు. పి0171 వచ్చిందనుకో, గాలి ఎక్కువై పెట్రోలు తక్కువైందని దాని అర్థం. ఆ మాట చెప్పింది ఆక్సిజన్ సెన్సారు కాబట్టి చాలామంది వేలు పోసి ఆ సెన్సారునే మారుస్తారు, నాలుగు రోజులకు లైటు మళ్ళీ వెలుగుతుంది. ఎయిర్ ఫిల్టరు నుంచి, ఇంజన్ లోపలికి గాలిని వదిలే థ్రాటిల్‌కు వెళ్ళే మడతల రబ్బరు గొట్టాన్ని చేతితో వంచి చూడు; మామూలుగా ఉన్నప్పుడు బాగానే కనిపించే గొట్టం వంచగానే మడతల లోపల నోరు తెరుచుకున్న చీలిక బయటపడుతుంది. స్కానర్‌లో ఫ్యూయల్ ట్రిమ్ అనే అంకె ఉంటుంది, కంప్యూటర్ పెట్రోలును ఎంత శాతం పెంచుతోందో తగ్గిస్తోందో అది చెబుతుంది. అది సున్నాకు అటూ ఇటూ 10 శాతం లోపు ఉంటే మామూలే. ఐడ్లింగులో, అంటే బండి కదలకుండా ఇంజన్ ఊరికే తిరుగుతున్నప్పుడు, 20 దాటి, 2500 ఆర్పీఎం దగ్గర తగ్గిపోతే ఎక్కడో గాలి పీలుస్తోంది. లోడు పడేకొద్దీ పెరుగుతుంటే పెట్రోలు పంపునో ఫిల్టరునో అనుమానించు.

మన ప్రాంతానికి ప్రత్యేకమైన కారణాలు కొన్ని ఉన్నాయి. కొత్తపట్నం, రామాయపట్నం వైపు తిరిగిన కార్లలో సెన్సారు కనెక్టరు ఊడదీస్తే పిన్నుల మీద పచ్చటి పొడి కనిపిస్తుంది. ఉప్పుగాలికి రాగి చిలుము పట్టడం అది. కనెక్టరు శుభ్రం చేసే స్ప్రే కొట్టి, ఆరనిచ్చి, మళ్ళీ గట్టిగా పెడితే సగం కోడ్లు అక్కడికక్కడే తీరిపోతాయి. చీమకుర్తి వైపు రాతిదుమ్ములో నడిచిన కారైతే ఎయిర్ ఫిల్టరు ముందు చూడు. వేడి సెన్సారు కోడు, అంటే పి0118 వచ్చిందంటే స్కానర్‌లో కూలెంట్ వేడి ఎంత చూపిస్తోందో చూడు. మే నెల ఒంగోలులో అది మైనస్ 40 డిగ్రీలు చూపిస్తే వైరు తెగిందనో కనెక్టరు ఊడిందనో అర్థం. బ్యాటరీ కూడా చూసుకో: ఇంజన్ ఆపి ఉన్నప్పుడు 12.6 వోల్టుల దగ్గర, నడుస్తున్నప్పుడు 13.5 నుంచి 14.5 మధ్య ఉండాలి. అది బలహీనపడితే సంబంధం లేని కోడ్లు నాలుగైదు ఒకేసారి వస్తాయి. ఇక కారు ఆపాక స్కానర్‌ను సాకెట్టులోనే వదిలేయకు, మెల్లమెల్లగా బ్యాటరీని తాగేస్తుంది.

ఎలుకల సంగతి వేరే చెప్పాలి, ఎందుకంటే నేను భయపడేది వాటి వల్లే. 2014 ఎండాకాలంలో కావలి చేరకముందే రోడ్డు పక్కన మీ కారు కింద గడ్డి అంటుకోవడం నీకు గుర్తుండే ఉంటుంది. అప్పుడు నువ్వు చిన్నదానివి; పెట్రోలు లీకయిందని నీకు చెప్పి ఊరుకున్నాం. నిజం అది కాదు. అంతకు రెండు రోజుల ముందు మీ నాన్న కారుకు చెక్ ఇంజన్ లైటు వెలిగింది. ఒంగోలు శివారులో ఒక షెడ్డుకు తీసుకువెళితే అక్కడివాడు స్కానర్ పెట్టి, కోడు ఏమిటో చూడకుండానే చెరిపేసి, లైటు పోయింది కదా ఇక బయలుదేరండి అన్నాడు. మీ నాన్న కూడా అది ఏమని చూపించిందని అడగలేదు. సింగరాయకొండ దాటేసరికి లైటు మళ్ళీ వచ్చింది, ఈసారి నిలకడగా కాకుండా మిణుకుమిణుకుమంటూ వచ్చింది. ఇంజన్ మిస్ అవుతూ బండి ఊగుతున్నా, పెట్రోలు కల్తీ అనుకుని, ఇంటికి చేరాక చూసుకుందామని నడుపుతూనే వచ్చాడు. ఒక సిలిండరులో మంట లేకపోతే అందులోని పెట్రోలు కాలకుండా సైలెన్సరు గొట్టంలోకి పోతుంది. అక్కడ పొగను శుభ్రం చేసే క్యాటలిటిక్ కన్వర్టరులో అది కాలుతుంది, కన్వర్టరు ఎర్రగా కాగిపోతుంది. ఉలవపాడు దాటాక పికప్ పూర్తిగా పడిపోయింది. కారు పక్కకు తీసి ఆపింది మోకాలెత్తు ఎండుగడ్డిలో. పక్కనే హోటలు వాళ్ళు బిందెలతో పరుగెత్తుకు రాకపోతే ఏమయ్యేదో నేను ఈనాటికీ తలచుకోలేను.

నేను నెల్లూరు నుంచి వెళ్ళి కారు తెప్పించి విప్పాను. కన్వర్టరులోని పింగాణీ జాలీ కరిగి ముద్దకట్టి ఉంది. రెండో సిలిండరు ప్లగ్గుకు కరెంటు ఇచ్చే కాయిల్ వైరు మీద తొడుగు పోయి, ఎలుక పళ్ళ గాట్ల మధ్య రాగి మెరుస్తోంది. మొదటి రోజు వచ్చిన కోడు ఎవరైనా చదివి ఉంటే పి0302 అని ఉండేది, రెండో సిలిండరు అని వేలెత్తి చూపేది, అరగంటలో టేపు చుట్టి పంపేవాళ్ళు. మీ నాన్న ఆ తర్వాత చాలాకాలం హైవే ఎక్కలేదు. ఆయనను నువ్వు ఇప్పుడు అడగవద్దు. నిన్ను కారు కొనవద్దని ఎందుకంత పట్టుబట్టాడో నీకు తెలియాలని మాత్రమే ఇది రాశాను. ఆయనది కోపం కాదు తల్లీ.

కాబట్టి ఈ ఒక్కటి మాత్రం నా మాట విను. లైటు నిలకడగా వెలిగితే నెమ్మదిగా ఇల్లు చేరి చదువుకోవచ్చు. మిణుకుమంటే యాక్సిలరేటరు మీద కాలు తీసేసి, గడ్డి లేని చోట, తారు మీదనో మట్టి మీదనో ఆపి, ఇంజన్ కట్టేసి, ఎవరినైనా పిలువు. వేడి ముల్లు ఎరుపులోకి వెళ్ళినా, ఆయిల్ లైటు వెలిగినా స్కానర్ జోలికే వెళ్ళకు, అక్కడికక్కడే ఆపు. రేడియేటరు మూత వేడిగా ఉండగా తీయకు.

చెరపడం రిపేరు అయ్యాక చేసే పని. చెరిపితే కంప్యూటర్ నేర్చుకున్న సర్దుబాట్లు కూడా కొన్ని కార్లలో పోతాయి, కొంతసేపు ఐడ్లింగు ఎగుడుదిగుడుగా ఉంటుంది, భయపడకు. బ్యాటరీ టెర్మినల్ పీకినా పాత కార్లలో ఇదే జరుగుతుంది కాబట్టి ఆ చిట్కా ఎవరు చెప్పినా వినకు. చెరిపాక చల్లటి ఇంజనుతో మొదలుపెట్టి, ఊళ్ళో కొంత, రోడ్డు మీద కొంత నడిపి, పెండింగ్ కోడ్లు, అంటే ఇంకా లైటు వెలిగించని కోడ్లు, ఏమైనా చేరాయేమో మళ్ళీ చదువు. వెంటనే తిరిగి వస్తే వైరో కనెక్టరో అయ్యే అవకాశం ఎక్కువ. కొన్ని రోజులకు వస్తే ఏదో ఒక పరిస్థితిలో మాత్రమే తలెత్తే తప్పు, అప్పుడు నీ ఫ్రీజ్ ఫ్రేమ్ కాగితమే దారి చూపుతుంది. నీకు కారు అమ్మినవాడు లైటు వెలుగుతుండగానే అమ్మాడు కాబట్టి ఒక రకంగా నిజాయితీపరుడే. అమ్మే ముందు రోజు చెరిపేసేవాళ్ళను, డాష్‌బోర్డులో బల్బే పీకేసేవాళ్ళను నేను చూశాను. కారు కొనేటప్పుడు ఇగ్నిషన్ ఆన్ చేయగానే ఆ లైటు వెలిగి, ఇంజన్ స్టార్ట్ అయ్యాక ఆరుతుందో లేదో చూడాలని ఇకముందు గుర్తుంచుకో.

శుక్రవారం సాయంత్రంలోగా కోడు చదివి, ఫ్రీజ్ ఫ్రేముతో సహా ఫోటో తీసి నాకు పంపు. రాత్రి కారును ఎక్కడ పెడుతున్నావో, అక్కడ ఎలుకలు ఉన్నాయో లేవో కూడా చెప్పు. కోడు పి030తో మొదలైతే, అంటే సిలిండరులో మంట తప్పుతోందని చెబితే, కారును కదిలించకుండా అక్కడే ఉంచు, ఆదివారం నేనే పొద్దున బస్సుకు ఒంగోలు వస్తాను. మల్టీమీటరు, స్పేర్ ప్లగ్గులు తెస్తాను, ఇద్దరం కలిసి చూద్దాం. వేరే ఏ కోడైనా చూసి చెబుతాను, నేను సరేనంటేనే బయలుదేరు, అదీ పగటిపూటే.

మీ మామయ్య
నెల్లూరు