ఎర్ర పెన్ను పక్కన పెట్టమ్మా

ప్రశ్న: మేడమ్, నేను ఎం.ఏ. హిస్టరీ చేశాను, హనుమకొండలో మా ఇంటిదగ్గర ఒకబ్బాయికి గ్రూప్-1 మెయిన్స్ జనరల్ ఎస్సే విడిగా చెప్తున్నాను. తెలుగు మీడియం. నోటితో అడిగితే గలగలా చెప్తాడు, పేపర్ మీద మాత్రం కోచింగ్ మెటీరియల్‌లో వాక్యాలే దింపేస్తాడు. గంటలు గంటలు కూర్చుని దిద్దుతున్నా, వారం తిరిగేసరికి మళ్లీ అవే తప్పులు. నేను చెప్పడంలోనే లోపం ఉందంటారా?
- ఒక పాఠకురాలు

జవాబు: లోపం అనను గానీ దిద్దడం ఎక్కువైందమ్మా. నువ్వు తిరగరాసిన పేరా నీదే అయిపోతుంది, ఆ అబ్బాయి చూసి తలూపి మడిచి పెట్టేస్తాడు. నేనూ మొదట్లో అలాగే చేసేదాన్ని, ఒకమ్మాయి నోట్‌బుక్‌లో తన అక్షరాల కంటే నా ఎర్ర సిరానే ఎక్కువ కనపడేది, చివరికి తను రాయడమే మానేసింది, ఆ బాధ నాకు ఇంకా పోలేదు.

గలగలా చెప్తాడన్నావు కదా, అక్కడ పట్టుకో. ఈసారి 1956 పెద్దమనుషుల ఒప్పందం ఇవ్వు, అదే, ఆంధ్ర, తెలంగాణ కలిసేముందు రెండు వైపుల నాయకులు చేసుకున్నది. మెటీరియల్ మూయించి "అసలు ఈ ఒప్పందం ఎందుకు కావాల్సొచ్చింది, మీ అమ్మమ్మకి చెప్పినట్టు చెప్పు" అని అడుగు. 1952లో ముల్కీ గొడవైంది, ముల్కీ అంటే స్థానికుడు, మన వరంగల్‌లోనే మొదలైంది, బయటోళ్లు ఉద్యోగాలు పట్టుకుపోతున్నారని స్టూడెంట్లు రోడ్డెక్కారు, ఆంధ్రతో కలిస్తే మళ్లీ అదే అవుతుందని భయం, అందుకే ముందే రాయించుకున్నారు... ఇట్లా ఏదో తన మాటల్లో చెప్తాడు. అది ఫోన్‌లో రికార్డ్ చేసి, వెంటనే వినిపించి, విన్నది విన్నట్టు రాయమను. అందులో ఆ "అందుకే" ఉంది చూశావా, మెటీరియల్‌లో పాయింట్లన్నీ వరసగా ఉంటాయి గానీ ఆ ఒక్క మాటే దొరకదు, వ్యాసం నిలబడేది దాని మీదే. "రోడ్డెక్కారు"ని "ఆందోళనకు దిగారు" అని తర్వాత తనే మార్చుకుంటాడులే.

మూడు గంటల్లో మూడు వ్యాసాలు, ఒక్కోటి వెయ్యి పదాలు, 50 మార్కులు, టైమ్ చాలదన్న భయం ఇద్దరికీ ఉంటుంది, నాకు తెలుసు. అయినా ఇప్పుడు రోజుకి రెండు పేరాలు చాలు, స్పీడ్ ఆఖరి రెండు నెలల్లో చూసుకోవచ్చు.

దిద్దేటప్పుడు తప్పున్న లైన్ పక్కన పెన్సిల్‌తో చిన్న గీత పెట్టి ఊరుకో, ఏం తప్పో చెప్పకు. ఇంకో వారం పోయాక పెన్సిల్ కూడా తనకే ఇచ్చెయ్యి, రాసింది పైకి చదవమను, ఎక్కడ నాలుక తడబడితే అక్కడ గీత తనే పెట్టుకుంటాడు.