‘నిరర్థక’ ఆర్‌ఎన్‌ఏ అనవచ్చునా? నాడికణమా, నాడీకణమా?

సందేహం: నేను కావలిలో జీవశాస్త్రం బోధిస్తాను. పిల్లల కోసం రాసిన ఒక పాఠానికి ‘నాడికణాలలో చిన్న నిరర్థక ఆర్‌ఎన్‌ఏలు’ అని శీర్షిక పెట్టాను. తోటి ఉపాధ్యాయులలో ఒకరు ‘నాడీకణం’ అని దీర్ఘం ఉండాలన్నారు. మరొకరు ‘నరకణం’ అంటే చాలునన్నారు. ‘నిరర్థక’కు బదులు ‘సంకేతరహిత’ మేలా? దయచేసి తెలుపగలరు.

సమాధానం: మీ శీర్షికలో దీర్ఘం కన్న పెద్ద చిక్కు ‘నిరర్థక’ శబ్దంతో ఉన్నది కనుక ముందుగా దానినే పరిశీలిద్దాం. ‘అర్థం’ అన్న మాటకు భావమనీ, ప్రయోజనమనీ రెండు అర్థాలున్నాయి. ఆర్‌ఎన్‌ఏ అంటే జన్యువును చూసి కణం తయారుచేసుకొనే నకలు వంటి అణువు; అందులో ప్రోటీన్ తయారీకి కావలసిన సమాచారం లేదన్న తాత్పర్యంతో మీరు ‘నిరర్థక’ అని ఉంటారు. కాని తెలుగు వాడుకలో అది ప్రయోజనం లేనిదన్న అర్థంలోనే స్థిరపడింది. బ్యాంకులకు వసూలు కాని బాకీలను పత్రికలు ‘నిరర్థక ఆస్తులు’ అని రాస్తున్నది ఆ అర్థంలోనే. ఆ పత్రికలు చదివే ఇంటి పిల్లవాడు మీ శీర్షిక చూసి ఈ ఆర్‌ఎన్‌ఏలు పనికిరానివని అనుకొంటాడు.

శాస్త్రం చెప్పేది దానికి పూర్తిగా విరుద్ధం. ఒక మిల్లీమీటరు పొడవుండే పురుగులో, 22 న్యూక్లియోటైడ్లు (ఆర్‌ఎన్‌ఏ గొలుసులోని అక్షరాల వంటివి) మాత్రమే ఉన్న లిన్-4 అనే ఆర్‌ఎన్‌ఏను విక్టర్ ఆంబ్రోస్ బృందం 1993లో గుర్తించింది. అది తాను ప్రోటీన్‌గా మారదు. మరొక జన్యువు నుండి ప్రోటీన్ తయారీకి సమాచారం మోసుకువచ్చే సందేశక ఆర్‌ఎన్‌ఏకు అతుక్కొని, దాని నుండి ప్రోటీన్ తయారీని తగ్గిస్తుంది. ఈ కోవలోని మైక్రో ఆర్‌ఎన్‌ఏల గుట్టు విప్పినందుకే ఆంబ్రోస్‌కూ, గ్యారీ రువ్‌కున్‌కూ 2024లో నోబెల్ బహుమతి లభించింది.

నాడీకణంలో వీటి పని మరీ సున్నితమైనది. ఆ కణానికి పొడవైన శాఖలుంటాయి. కణదేహానికి దూరంగా, శాఖల మీది బొడిపెల దగ్గరే కొన్ని ప్రోటీన్లు తయారు కావలసి ఉంటుంది. ఎలుక మెదడులో జ్ఞాపకానికి తోడ్పడే హిప్పోకాంపస్ అనే భాగపు కణాలలో మైఆర్-134 అనే మైక్రో ఆర్‌ఎన్‌ఏ, ఆ బొడిపెలు పెరగడానికి తోడ్పడే ఒక ప్రోటీన్ తయారీని అడ్డుకొని ఉంచుతుందనీ, కణానికి తగిన ప్రేరణ అందినప్పుడు ఆ అడ్డు సడలుతుందనీ 2006లో వెల్లడైంది. మన చెరువుల కింద తూము తెరచి, మూసి, ఏ మడికెంత నీరో చూసే నీరుగంటి తాను నాటడు, కోయడు. అంతమాత్రాన అతని పనిని నిరర్థకమని ఏ రైతూ అనడు.

‘సంకేతరహిత’ దీనికన్న నయమే కాని, అదీ నాకు పూర్తిగా సమ్మతం కాదు. ఏ సందేశాన్ని పట్టుకోవాలో తెలిపే అక్షరక్రమం ఆ చిన్న అణువులోనే ఉన్నప్పుడు దానికి సంకేతమే లేదనడం పొసగదు. లేనిది ప్రోటీన్ సంకేతం మాత్రమే. కనుక ‘ప్రోటీన్ సంకేతం లేని’ అని విడమరచి రాయండి. శీర్షిక కొంత పొడవైనా నష్టం లేదు.

ఇక దీర్ఘం సంగతి. శ్రీ, స్త్రీ వంటి ఏకాక్షర పదాలను మినహాయిస్తే, సంస్కృత ఈకారాంత స్త్రీలింగ శబ్దాలు తెలుగులో విడిగా నిలిచినప్పుడు హ్రస్వాంతాలవుతాయి; సంస్కృత సమాసంలో దీర్ఘం నిలుస్తుంది. పెన్నా నది అంటాం, పెన్నానదీతీరం అంటాం. అలాగే నాడి, నాడీకణం, నాడీమండలం. సంస్కృతంలో ‘నాడి’ అనే హ్రస్వరూపమూ ఉన్నది కాబట్టి ‘నాడికణం’ అపశబ్దమని కొట్టివేయలేము. అయినా రూఢి దీర్ఘానిదే.

‘నరం’ చక్కని ద్రావిడ పదం. సూళ్లూరుపేట ప్రాంతంలో తమిళం వినే వారికి ‘నరంబు’ తెలియనిది కాదు. నెల్లూరులో ఎవరిని అడిగినా ‘నరాల డాక్టరు’ అనే అంటారు. అయితే ‘నరానికి సూది వేశారు’ అన్నప్పుడు నరమంటే రక్తనాళం. పైగా ‘నరకణం’ అని సమసిస్తే మనిషి కణమన్న భ్రమ కలుగుతుంది. మాటలలో చెప్పేటప్పుడు ‘నరాల కణం’ అనండి, పిల్లలకు వెంటనే తెలుస్తుంది. రాతలో నాడీకణమే ఉండనీయండి.

మరొక్క మాట. చిన్న ఆర్‌ఎన్‌ఏలలో మైక్రో ఆర్‌ఎన్‌ఏ ఒక రకం మాత్రమే. జాతికి ‘చిన్న’ అనీ, ఆ రకానికి ‘మైక్రో’ అనీ పాఠమంతటా ఒకే తీరుగా వాడండి. రెండింటికీ ‘సూక్ష్మ’ అని రాస్తే ఏది ఏదో తేల్చుకోవడం కష్టమవుతుంది.