కంప్యూటర్లు వచ్చాక కూడా కారు డిజైనర్లు చేత్తో గీయాల్సిన అవసరం ఉందా?

ఉంది. ఇంటర్ చదివే మీ అబ్బాయి నోట్సుల నిండా కార్లు గీస్తున్నాడని, అది మానేసి సాఫ్ట్‌వేర్ నేర్చుకోమని ఇంట్లో పోరుతున్నారని రాశారు. ఆ పోరు ఆపండి. పుణెలో ఒక డిజైన్ స్టూడియోలో సర్ఫేస్ మోడలింగ్, అంటే కారు పైతలాన్ని కంప్యూటర్‌లో మలిచే పని, చేస్తూ పొద్దస్తమానం కంప్యూటర్ ముందు కూర్చునేవాణ్ణే ఈ మాట చెబుతున్నాను.

మా దగ్గర టేప్ డ్రాయింగ్ వేసే పెద్దాయన ఒకరున్నారు. గోడ మీద కారు అసలు సైజులో, నల్ల టేపుతో. ఎడమ చేత్తో టేపు బిగించి పట్టుకుని, కుడి బొటనవేలితో అద్దుకుంటూ పోతారు. నచ్చకపోతే పీకి మళ్లీ అతికిస్తారు. ఓసారి మా టీమ్ స్క్రీన్ మీద తేల్చిన హ్యాచ్‌బ్యాక్ షోల్డర్ లైన్‌ను, అంటే కిటికీల కింద కారు పొడవునా సాగే గీతను, ఫుల్ సైజు ప్రింటు తీసి అదే గోడకు అంటించాం. లెక్క ప్రకారం వంక పెట్టడానికి లేదు. ఆయన గది ఆ చివరికి వెళ్లి, ఒక కన్ను మూసి చూసి, "వెనక డోరు దగ్గర కుంగింది" అన్నారు. వచ్చి, భుజం నుంచి చేయి కదిలిస్తూ ఒక్క ఊపున టేపు లాగారు. రెండు గీతలకూ మధ్య ఎడం ఎక్కడా వేలి మందం లేదు. కానీ పక్కన పెట్టి చూస్తే మాది నీరసంగా కూలబడ్డట్టుంది. పొడవాటి తిన్నని గీత కంటికి మధ్యలో దిగినట్టే కనిపిస్తుంది మరి. కారు మీద తిన్నగా అనిపించే గీతల్ని కాస్త పైకి వంచి ఉంచేది అందుకే. అరచేతి వెడల్పు స్క్రీన్‌లో ఈ సంగతి ఎవరికి తడుతుంది?

ఇవాళ రోడ్డు మీద ఎస్‌యూవీలన్నీ ఒకే పోలికతో ఉండటానికి సగం కారణం జూమ్ బటన్ అని నా గట్టి నమ్మకం. బంపర్ మూలనే రోజంతా జూమ్ చేసి చూస్తుంటే అక్కడ ఇంకో మడత పెట్టబుద్ధవుతుంది. మిగతా సగం భద్రతా నిబంధనల వల్ల అంటారు. అంటారు, అంతే!

అలాగని కంప్యూటర్‌ను తిట్టడం లేదు. అందులో మనం కొన్ని బిందువులు పట్టి లాగి మలిచే బెజియే వంపులు వచ్చిందే కార్ల కంపెనీల్లోంచి. 1959 ప్రాంతంలో సిట్రోయెన్‌లో పాల్ ద కాస్టెల్జో, 1960లలో రెనోలో పియెర్ బెజియే వాటి లెక్క కట్టారు. డిజైనర్ చేతి వంపును మెషీన్‌కు అర్థమయ్యేలా చెప్పడమే వాళ్ల తిప్పలన్నీ. హార్లీ ఎర్ల్ జనరల్ మోటార్స్‌లో 1920లలో ప్రవేశపెట్టిన క్లే మోడళ్లు, అంటే మట్టితో చేసే కారు నమూనాలు, కూడా ఇంకా పోలేదు. మెషీన్ చెక్కిన మట్టి మీద ఇప్పటికీ మనిషి అరచెయ్యి పెట్టి తడిమి చూస్తాడు.

ఇక మీవాడి సంగతి. డిజైన్ డిగ్రీలో చేరడానికి ఐఐటీ బాంబే పెట్టే ప్రవేశ పరీక్ష యూసీడ్‌లో, పార్ట్ బిలో చేత్తో గీయాల్సిందే. కోచింగ్‌లో మాత్రం తొందరపడి చేర్చకండి. నేను చూసినవాటిలో అందరిచేతా అదే కోణంలో అదే స్పోర్ట్స్ కారు వేయిస్తున్నారు. ఖరీదైన మార్కర్లూ వద్దు. తెల్ల కాగితాల కట్ట, బాల్ పెన్ను ఇచ్చి, వీధిలో ఆగి ఉన్న ఆటోను నాలుగు పక్కల నుంచీ వేయమనండి.